అమ్మీ ఫోన్‌లో తెరుచుకోని దర్వాజా



ఈసారి గుస్సాలో రాస్తున్నాను, మాఫ్ చేయండి. రాసేది వెబ్‌సైట్ల గురించి. అది ఇంజినీర్ల ముచ్చట, మనకెందుకని వదిలేయకండి. పిల్లల అడ్మిషన్ నుంచి అబ్బా పెన్షన్ దాకా, రేషన్ కార్డు నుంచి పాస్‌పోర్టు దాకా ప్రతి దఫ్తర్ దర్వాజా ఇప్పుడు ఫోన్ తెరలోకి వచ్చేసింది. ఆ దర్వాజా ఎవరి ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఎవరి ఫోన్‌లో తెరుచుకోదు అన్నది ఖాలిస్ మన ఇంటి ముచ్చటే.

పోయిన సంవత్సరం జరిగింది చెబుతాను. మా ఆపా వాళ్లు నల్గొండలో ఉంటారు. ఆపా బిడ్డ డిగ్రీ రెండో ఏడు. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి ఆ రోజే ఆఖరి తారీఖు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది.

"మామూ, బటన్‌చ్ నై దిఖ్‌రా."

అన్ని ఖానాలూ నింపింది. ఆదాయం సర్టిఫికెట్ ఎక్కించింది. చివర నొక్కాల్సిన 'సబ్మిట్' బటన్ మాత్రం తెర మీద లేదు. వీడియో కాల్‌లో ఆపా ఫోన్ నుంచి చూపించింది. బటన్ కుడివైపు తెర అంచు దాటి ఎక్కడో ఉంది. దాని ఎడమ అంచు సన్నని నీలం గీతలా కనిపిస్తోంది. పేజీని పక్కకు జరుపుదామంటే జరగదు. రెండు వేళ్లతో చిన్నది చేద్దామంటే కాదు, సైటు తయారు చేసినవాళ్లు దాన్ని బంద్ చేసి పెట్టారు. "ఫోన్ అడ్డం తిప్పు బేటా" అన్నాను. తిప్పింది. పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అయింది. నింపినదంతా సాఫ్. 'డెస్క్‌టాప్ సైట్' పెట్టమన్నాను. అక్షరాలు చీమల్లా అయిపోయాయి, పుట్టిన తేదీ ఎంచుకునే క్యాలెండర్ అసలు తెరుచుకోలేదు. పేజీ అడుగున ఒక లైను ఉంది: ఈ సైటును ఫలానా బ్రౌజర్‌లో, ఇంత వెడల్పు తెర మీద చూడగలరు అని. పన్నెండు గంటలకు సైటు మూసుకుంది. ఆ సంవత్సరం ఫీజు ఆపా చేతి గాజులు కట్టాయి.

"ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగారు?" అని ఈ ఖిస్సా విన్న ప్రతివాళ్లూ అడిగారు. ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చిందే అంతకు రెండు రోజుల ముందు. అయినా, ఆఖరి రోజు అంటే అదీ ఒక రోజే కదా? ఆ రోజు పనిచేయని సైటు మొదటి రోజూ ఆ ఫోన్‌లో పనిచేసేది కాదు. ఇంకో మాట కూడా అన్నారు: "మంచి ఫోన్ కొనియ్యొచ్చు కదా." ఈ మాట దగ్గరే నా గుస్సా మొదలైంది. ఆ ఫోన్‌లో యూట్యూబ్ వస్తుంది, వాట్సాప్ వస్తుంది, వీడియో కాల్ వస్తుంది. ఒక బటన్ చూపించడం దానికి రాని పనా? ఫోన్ ఖరాబ్ కాలేదు. సైటు ఖరాబ్‌గా కట్టారు. కట్టినవాళ్ల గలతీని కొనుక్కున్నవాళ్ల గరీబీ మీద వేసేస్తున్నారు.

వెబ్ పుట్టింది ఇలా ఉండటానికి కాదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధనా సంస్థలో దీని తజ్వీజ్ రాశాడు. అక్కడ దేశదేశాల సైంటిస్టులు, తలా ఒక రకం కంప్యూటర్. ఒకరి కాగితం ఇంకొకరి మెషీన్‌లో తెరుచుకునేది కాదు. ఆ తక్లీఫ్ తీర్చడానికే వెబ్ వచ్చింది. ఆయన మొదటి బ్రౌజర్ ఖరీదైన నెక్స్ట్ కంప్యూటర్ మీద మాత్రమే నడిచేది. అందుకని నికోలా పెలో అనే విద్యార్థినితో ఇంకో బ్రౌజర్ రాయించారు. అది ఉత్త అక్షరాలు చూపించే మామూలు టెర్మినల్ మీద కూడా నడిచేది. పుట్టిన రెండో ఏడే వెబ్ గరీబ్ మెషీన్ గురించి ఆలోచించింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అందరిదీ అని ఇచ్చేసిన చీజ్‌కు మనవాళ్లు తాళాలు వేస్తున్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే తెలియదు కాబట్టే మనం నోరు మూసుకుంటున్నాం. వెబ్ పేజీలో మూడు పొరలుంటాయి. మొదటిది హెచ్‌టీఎంఎల్: ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇది నింపాల్సిన ఖానా, ఇది బటన్ అని చెప్పేది. రెండోది సీఎస్‌ఎస్: రంగు, సైజు, ఏది ఎక్కడుండాలో చెప్పేది. మూడోది జావాస్క్రిప్ట్: నొక్కితే ఏం జరగాలో చూసేది. మొదటి రెండింటికి ఒక మంచి గుణం ఉంది. బ్రౌజర్‌కు అర్థం కాని మాట ఎదురైతే దాన్ని వదిలేసి మిగతాది చూపిస్తుంది. పాత ఫోన్‌లో కొత్త రంగులు రాకపోవచ్చు, కానీ మాట మాత్రం వస్తుంది. జావాస్క్రిప్ట్‌కు ఆ సబర్ లేదు. తనకు తెలియని రాత ఒక్కటి తగిలినా ఆ స్క్రిప్టు మొత్తం ఆగిపోతుంది. పేజీ అంతా దాని మీదే కట్టితే తెల్ల తెర మిగులుతుంది.

అందుకే తెలిసినవాళ్లు కింది నుంచి పైకి కడతారు. దీనికి 2003 నుంచీ ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అని పేరుంది. మన దస్తర్‌ఖాన్ పరిచే పద్ధతే అనుకోండి. ముందు అన్నం, సాలన్ అందరికీ చేరాలి. తర్వాత రాయితా, చట్నీ, మీఠా. మీఠా రాలేదని మేహమాన్ ఆకలితో లేవడు. ఈ సైట్లు కట్టేవాళ్లు మీఠా తినలేనివాడికి అన్నం కూడా పెట్టమంటున్నారు.

జావాస్క్రిప్ట్ అందరికీ ఉంటుంది కదా అంటారు. 2013లో బ్రిటన్ ప్రభుత్వం తన సైటు మీద లెక్క తీసింది. 93 మందిలో ఒకరికి జావాస్క్రిప్ట్ అందలేదు. వాళ్లలో దాన్ని కావాలని బంద్ చేసుకున్నవాళ్లు తక్కువ. ఎక్కువమందికి అది వేరే కారణాలతో పనిచేయలేదు. సిగ్నల్ మధ్యలో తెగడం, ఫైలు సగంలో ఆగిపోవడం మనకు తెలియని విషయాలా? ఊరి చివర బస్తీలో, బస్సులో, ఆస్పత్రి వరండాలో ఉన్నప్పుడు ఆ ఒక్కరు మనమే.

ఇక తెర సైజు. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు సైట్లన్నీ పెద్ద కంప్యూటర్ల కోసం కట్టినవే. అందుకని దాని బ్రౌజర్ ఒక అబద్ధం ఆడేది: నా వెడల్పు 980 పిక్సెళ్లు అని చెప్పి పేజీ మొత్తాన్ని కుదించి చూపేది. ఆ కుదింపు వద్దు, ఫోన్ అసలు వెడల్పునే తీసుకో అని చెప్పడానికి పేజీ మొదట్లో ఒక్క లైను రాస్తే చాలు. దాన్ని వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. 2010 మేలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ఒక వ్యాసం రాసి దీనికి మొత్తం తరీఖా చూపించాడు. కొలతలు పిక్సెళ్లలో బిగించకుండా శాతాల్లో ఇవ్వాలి. బొమ్మలు తమ గదిని దాటి బయటికి పోకూడదు. తెర వెడల్పును బట్టి వరుసలు మారాలి. దాన్ని రెస్పాన్సివ్ డిజైన్ అన్నాడు. ఇప్పుడు మొదటి నెల కోర్సులోనే ఇది నేర్పుతారు. ఆపా ఫోన్‌లో ఆ బటన్ తెర దాటి పోయిందంటే ఎవరో ఒకరు వెడల్పును పిక్సెళ్లలో బిగించి, తన పెద్ద తెర మీద చూసుకుని, ఇంటికి వెళ్లిపోయారన్నమాట.

బ్రౌజర్ల సంగతి ఇంకా అజీబ్. చాలా సైట్లు లోపలికి రానిచ్చే ముందు బ్రౌజర్ పేరు అడుగుతాయి. పేరు నచ్చకపోతే 'మీ బ్రౌజర్ సపోర్ట్ చేయదు' అంటాయి. పేరు అడిగి ఇల్లు ఖాళీ లేదనడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది మనకు తొందరగా అర్థమవుతుంది. ఈ పేరడిగే ఆదత్ వల్ల బ్రౌజర్లు కూడా నఖ్లీ పేర్లు చెప్పడం నేర్చుకున్నాయి. ఈ రోజుకీ క్రోమ్ తన పరిచయంలో ముందు మొజిల్లా అని చెప్పుకుంటుంది, చివర సఫారీ అని కూడా చేర్చుకుంటుంది. సరైన తరీఖా వేరే ఉంది. నీ పేరేంటి అని అడగకూడదు, నీకు ఈ పని వచ్చా అని అడగాలి. వస్తే చేయించుకోవాలి, రాకపోతే సాదాగా పని జరిగే దారి చూపాలి.

ఒకే బ్రౌజర్‌ను నమ్ముకున్నవాళ్ల అంజామ్ కూడా చూశాం. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. దాని తర్వాతి వర్షన్ 2006 దాకా రాలేదు. ఆ ఐదేళ్లలో ఎన్నో దఫ్తర్లు దాని కోసమే సైట్లు కట్టుకున్నాయి. దక్షిణ కొరియాలో బ్యాంకు పని కావాలంటే ఎక్స్‌ప్లోరర్, అందులో యాక్టివ్‌ఎక్స్ తప్పనిసరి అయిపోయి, దాన్నుంచి బయటపడటానికి ఆ దేశానికి ఏళ్లు పట్టింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే ఎక్స్‌ప్లోరర్‌కు సెలవిచ్చింది. ఇవాళ 'క్రోమ్‌లో మాత్రమే చూడండి' అంటున్నవాళ్లు ఆ గలతీనే కొత్త పేరుతో చేస్తున్నారు.

ఇందులో నా వాటా గునాహ్ కూడా ఒప్పుకోవాలి. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసినవాణ్ని. రెండు జుబాన్ల అక్షరాలూ తెర మీద ఎన్ని కష్టాలు పడ్డాయో కళ్లారా చూశాను. తెలుగు పత్రికలు మొదట్లో ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో సైట్లు నడిపేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చి గీతలు వచ్చేవి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల కోసం ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే ఒక చిన్న తోడు ప్రోగ్రాం వచ్చింది. అప్పట్లో డెస్కులో కూర్చుని నేను కూడా పాత ఫాంటుల్లోనే వార్తలు పంపాను. ఆ వార్తలు ఈ రోజు ఏ ఫోన్‌లో వెతికినా దొరకవు. నేను రాసిందే నాకు దొరకదు.

ఉర్దూ కథ ఇంకా దుఃఖం. 1981లో నూరీ నస్తలీఖ్ వచ్చి కాతిబ్ చేతిరాతను కంప్యూటర్‌లోకి తెచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చి ప్రతి ఉర్దూ దఫ్తర్‌లో కూర్చుంది. కానీ వెబ్‌లో నస్తలీఖ్ చూపడం కష్టం కావడంతో, ఇన్‌పేజ్‌లో కంపోజ్ చేసి, దాన్ని ఫోటోగా మార్చి సైటులో అతికించేవారు. ఫోటోలోని హర్ఫ్‌ను వెతకలేం, కాపీ చేయలేం, పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త బొమ్మ. ఆ రోజుల్లో అది మజ్బూరీ. ఇప్పుడు ఆ మజ్బూరీ లేదు. విండోస్ 8తో ఉర్దూ నస్తలీఖ్ ఫాంటు వచ్చింది. గూగుల్ నోటో నస్తలీఖ్ ఉర్దూను ఉచితంగా ఇచ్చింది. 2017లో ఐఫోన్‌లోనూ నస్తలీఖ్ చేరింది. అయినా మన జల్సాల ఎలాన్‌లు, మన మదర్సాల అడ్మిషన్ నోటీసులు, మన అంజుమన్‌ల సైట్లు ఇంకా ఫోటోలే. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశాయని మనం ఖుషీ పడ్డాం. మన సొంత సైటులోనే ఉర్దూ అక్షరం బొమ్మగా పడి ఉంటే హుకూమత్‌ను ఏ మొహంతో అడుగుతాం?

ఉర్దూ సైటుకు రెండు మూడు షరతులున్నాయి. పేజీ కుడి నుంచి ఎడమకు అని హెచ్‌టీఎంఎల్‌లోనే చెప్పాలి. చెప్పకపోతే ఫుల్‌స్టాప్ తప్పు చివరకు పోతుంది, ఇంగ్లిష్ మాట కలిసిన చోట వాక్యం తిరగబడుతుంది. నస్తలీఖ్ ఏటవాలుగా దిగే రాత. తెలుగుకు, ఇంగ్లిష్‌కు ఇచ్చినంత వరుస ఎత్తు ఇస్తే నుఖ్తాలు తెగిపోతాయి. నస్తలీఖ్ ఫాంటులు బరువు కూడా. అది దిగేదాకా పాఠకుణ్ని తెల్ల పేజీ ముందు కూర్చోబెట్టకుండా, ముందు ఫోన్‌లో ఉన్న నస్ఖ్‌లో మాట చూపించి తర్వాత మార్చాలి. ఇవి తెలిసిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. అడిగేవాళ్లు లేరు.

ఇక వాళ్లు చెప్పే బహానాలు చూద్దాం.

"యాప్ ఉంది కదా, డౌన్‌లోడ్ చేసుకోండి." సంవత్సరానికి ఒకసారి నింపే ఫారానికి యాప్ ఎందుకు? అమ్మీ ఫోన్‌లో జాగా లేదు, మనవళ్ల ఫోటోలతో నిండిపోయింది. యాప్ కోసం ఏ ఫోటో తీసేయమంటారు? యాప్‌కు కొత్త ఆండ్రాయిడ్ కావాలంటుంది, సైటుకు ఆ అవసరం లేదు. 2017లో వచ్చిన జియోఫోన్‌లో ఆండ్రాయిడే లేదు. అంగుళాలు 2.4, తెర 240 పిక్సెళ్ల వెడల్పు, నొక్కే బటన్లు. సరిగా కట్టిన సైటు దాంట్లోనూ తెరుచుకుంటుంది.

"నెట్ సెంటర్‌కు పోవచ్చు కదా." పోతున్నాం. ఆధార్ నంబరు, ఓటీపీ, అమ్మాయి ఫోన్ నంబరు, ఫోటో, అన్నీ ముక్కూమొహం తెలియని కౌంటర్ మీద పెట్టి, పైగా డబ్బులిచ్చి వస్తున్నాం. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటుంది సైటు, ఫోన్ కెమెరా తీసేది మూడు నాలుగు ఎంబీల ఫోటో. దాన్ని చిన్నది చేయడం సైటుకే నేర్పొచ్చు, బ్రౌజర్‌లోనే అయిపోయే పని అది. నేర్పలేదు కాబట్టి నెట్ సెంటర్ నడుస్తోంది.

"ఖర్చు ఎక్కువవుతుంది." మొదటి నుంచి సాదాగా కడితే ఖర్చు తగ్గుతుంది. హంగులన్నీ పెట్టి, తర్వాత ఒక్కో ఫోన్‌కు మరమ్మతు చేస్తేనే ఎక్కువవుతుంది. హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న మామూలు బటన్, మామూలు తేదీ ఖానా ప్రతి ఫోన్ ఎంతోకొంత అర్థం చేసుకుంటుంది. వాటిని తీసేసి సొంతంగా అందంగా చేసుకున్నవే ఆపా ఫోన్‌లో తెరుచుకోలేదు.

కానూన్ ఏమంటోంది? కేంద్ర ప్రభుత్వ సైట్లు ఎలా ఉండాలో 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి, 2023లో మూడో వర్షన్ కూడా వచ్చింది. ప్రపంచమంతా ఒప్పుకున్న యాక్సెసిబిలిటీ ప్రమాణాలు 2018 నుంచీ ఒక కొలత చెబుతున్నాయి: 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పక్కకు జరపకుండా పేజీ చదవగలగాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆన్‌లైన్ కేవైసీలో కళ్లు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసులవి. వాళ్ల పోరాటం మన తక్లీఫ్ కంటే చాలా పెద్దది. కానీ వాళ్లు తెరిపించిన దర్వాజా మనకూ తెరుచుకుంటుంది. ఇకనుంచి అడిగేటప్పుడు మెహర్బానీ అడుగుతున్నట్టు అడగొద్దు. హక్ అడుగుతున్నట్టు అడగండి.

ఎలా అడగాలి? ముందు ఇంట్లో ఉన్న అన్నిటికంటే సస్తా ఫోన్ తీసుకోండి. నిలువుగా పట్టుకుని సైటు తెరవండి. పక్కకు జరపాల్సి వస్తోందా? రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేయనిస్తోందా? ఫోన్ తిప్పితే నింపింది ఉంటోందా? క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో రెండింటిలోనూ ఫారం చివరిదాకా పోతోందా? అక్షరం మీద వేలు ఆనించి పట్టుకుంటే ఎంచుకోనిస్తోందా, లేక అది ఫోటోనా? ఎక్కడ ఆగిందో అక్కడ స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు, వర్షన్, రోజు, టైము రాసి షికాయత్ పంపండి. 'సైటు పనిచేయడం లేదు' అని మాత్రమే రాస్తే 'మా దగ్గర పనిచేస్తోంది' అని జవాబొస్తుంది. వివరాలు రాస్తే ఆ జవాబు ఇవ్వలేరు. ఒకరు రాస్తే పక్కన పడేస్తారు. ఒక కాలేజీ నుంచి నలభై మంది తల్లులు రాస్తే పడేయలేరు.

మన నౌజవాన్లకు ఒక మాట. హైటెక్ సిటీలో, బెంగళూరులో, అమెరికాలో కూర్చుని సైట్లు కట్టే పిల్లలు మన ఖాందాన్‌లలో ఎంతోమంది ఉన్నారు. బాబూ, నీ ముందున్న రెండు పెద్ద తెరల మీద అంతా బాగానే కనిపిస్తుంది. పని అయిపోయిందని పంపేముందు ఒకసారి అమ్మీకి ఆ లింకు పంపు. ఏమీ చెప్పకుండా నింపమను. ఎక్కడ ఆగిపోయిందో చూడు. అక్కడ గలతీ అమ్మీది అనుకోకు. మేనేజర్ టైము లేదంటే, మా ఇంట్లో ఇది తెరుచుకోలేదని చెప్పు. ఆ మాట చెప్పగలిగే స్థితికి నిన్ను చదివించింది ఆ ఫోన్ పట్టుకున్నవాళ్లే.

మా భాంజీ ఈ సంవత్సరం ఫారం మళ్లీ నింపింది. నేనే నల్గొండకు ల్యాప్‌టాప్ తీసుకుపోయాను. పది నిమిషాల పని. పక్కన కూర్చున్న ఆపా తెర వైపు చూసి అడిగింది: "ఇంత చిన్న పనా? మరి నా ఫోన్ ఏం గునాహ్ చేసింది?"

ఆ సవాల్‌కు జవాబ్ చెప్పాల్సింది ఆపా కాదు, నేనూ కాదు. కట్టినవాళ్లు చెప్పాలి. చెప్పేదాకా అడుగుదాం.

ఖుదా హాఫిజ్.